అనేక హస్తాలలో ఒకే అమానతు: బ్లాక్‌చైన్ ఆధారంగా సమాచారాన్ని భద్రపరచే విధానం

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో, ప్రభుత్వ సమాచార కేంద్రంలో బ్యాటరీలకు నిప్పంటుకున్నది. మంటలు ఆరేసరికి ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే ‘జీ డ్రైవ్’ అనే నిక్షేపం బూడిదయింది. అందులో ఉన్న సమాచారం 858 టెరాబైట్లు. మరోచోట దానికి నకలు లేదు. పరిమాణం మరీ పెద్దది కనుక నకలు తీసి ఉంచడం వీలుపడలేదని అధికారులు చెప్పారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2021 మార్చి 10న, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే కంపెనీకి చెందిన సర్వర్ల భవనం ఒకటి ఇలాగే కాలిపోయింది. వేరేచోట నకళ్ళు ఉంచుకోని ఖాతాదారులు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

నిప్పు ఒక్కటే శత్రువు కాదు. 2017 ఏప్రిల్ 29న తుర్కియే ప్రభుత్వం తన దేశంలో వికీపీడియా విజ్ఞానకోశానికి దారి మూసివేసింది. అక్కడ ఏ కంప్యూటరూ కాలిపోలేదు, ఒక్క అక్షరమూ చెరిగిపోలేదు. అయినా ఆ దేశ ప్రజలకు 2020 జనవరి 15 దాకా అది అందలేదు. కొరియాలో వస్తువు ఒకేచోట ఉన్నది. తుర్కియేలో వస్తువుకు వెళ్ళే ద్వారం ఒక్కటే ఉన్నది. ఈ రెండు స్థితులలో ఏది ఉన్నా ఫలితం ఒకటే.

గ్రంథాల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త పాఠం కాదు. 1258లో బాగ్దాదు నగరం నాశనమైనప్పుడు, నకళ్ళు డమాస్కస్‌లోనో కైరోలోనో ఉన్న గ్రంథాలు బతికాయి. బాగ్దాదులో మాత్రమే ఉన్నవి పోయాయి. 1992 మే 17న సరాయెవోలోని ప్రాచ్య విద్యాసంస్థపై ఫిరంగి గుండ్లు కురిసి అరబ్బీ, ఫారసీ, తుర్కీ భాషలలోని 5,000కు పైగా వ్రాతప్రతులు దగ్ధమయ్యాయి. వాటిలో ముందే మరోచోట నకలు తీసి ఉంచినవి ఎన్నో, నేడు లోకానికి మిగిలినవి అన్నే.

కనుక అనేక నకళ్ళు అనేకుల దగ్గర ఉండాలనే సూత్రం పాతదే. అయితే నకళ్ళను అపరిచితుల చేతిలో పెట్టినప్పుడు రెండు భయాలు పుడతాయి. దాచుకున్నవాడు అందులోని మాటను మారుస్తాడేమో అన్నది మొదటిది. దాచకుండానే దాచానని చెబుతాడేమో అన్నది రెండవది. బ్లాక్‌చైన్ ఆధారంగా సమాచారాన్ని దాచే పద్ధతులన్నీ ఈ రెండు భయాలకు సమాధానంగా పుట్టినవే. ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట మారలేదని తెలుసుకోవడం ఎలా?

పూర్వం వ్రాతగాడు ఒక గ్రంథాన్ని నకలు చేసిన తరువాత దానిని మూలంతో అక్షరం అక్షరం సరిచూసేవాడు. దీనికే ‘ముఖాబలా’ అని పేరు. సరిచూసిన చోట మార్జినులో గుర్తు పెట్టేవారు. ఇంతేగాక, దివ్య ఖుర్ఆన్ విషయంలో తొలితరాల పండితులు సూరాలలోని ఆయతులను, పదాలను, అక్షరాలను లెక్కించి నమోదు చేశారు. నకలులో లెక్క తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని వెంటనే తెలిసిపోతుంది.

అక్షరాల లెక్కకు ఒక పరిమితి ఉన్నది. రెండు అక్షరాలు స్థానం మార్చుకుంటే లెక్క మారదు. ఒక అక్షరం తీసి మరో అక్షరం పెట్టినా మొత్తం సంఖ్య అంతే ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఈ లోపాన్ని తీర్చే గణిత పద్ధతిని రూపొందించారు. దానిని ‘హ్యాష్’ అంటారు. తెలుగులో వేలిముద్ర అనుకోవచ్చు. ఒక దస్త్రాన్ని, అది ఒక వాక్యమైనా వెయ్యి పుటల గ్రంథమైనా, ఈ గణితంలో వేస్తే ఒకే పొడవు గల సంకేతం వస్తుంది. 2002లో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రమాణంగా ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఆ సంకేతం 64 అక్షరాలు, అంటే 32 బైట్లు. మూలంలో ఒక్క చుక్క మారినా సంకేతం గుర్తు పట్టలేనంతగా మారిపోతుంది. వచ్చే వీలున్న సంకేతాల సంఖ్య 78 అంకెలది. కనుక వేరే దస్త్రాన్ని సృష్టించి అదే వేలిముద్ర తెప్పించడం ఎవరికీ ఇంతవరకు సాధ్యపడలేదు.

అయితే ఆ వేలిముద్రను ఎక్కడ ఉంచాలి? దస్త్రాన్ని మార్చగలవాడు పక్కనే ఉన్న వేలిముద్రనూ మార్చగలడు. 1991లో స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఉపాయం ప్రతిపాదించారు. ప్రతి కొత్త నమోదులో వెనుకటి నమోదు వేలిముద్రను కూడా చేర్చాలి. అప్పుడు నమోదులన్నీ గొలుసు కడియాల వలె ఒకదానికొకటి తగులుకుంటాయి. నడుమ కడియాన్ని మార్చదలచినవాడు దాని తరువాతి కడియాలన్నింటినీ మార్చవలసి వస్తుంది. వారు నెలకొల్పిన సంస్థ 1995 నుంచి వారానికొకసారి ఆ గొలుసు వేలిముద్రను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చు వేయించసాగింది. పత్రిక ఇంటింటికీ, గ్రంథాలయాలకూ చేరిపోయాక, వాటన్నింటినీ వెనక్కు తెచ్చి ఆ ఒక్క పంక్తిని దిద్దగలవాడెవడు?

2008లో సతోషీ నకమోతో అనే మారుపేరుతో వెలువడిన పత్రం ఈ గొలుసునే తీసుకొని, వార్తాపత్రిక స్థానంలో వేల కంప్యూటర్లను నిలిపింది. 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్ దాని తొలి రూపం. చేరినవారందరి దగ్గరా ఒకే చిట్టా ఉంటుంది. కొత్త పుట చేరాలంటే అందరూ ఒప్పుకున్న నియమాల ప్రకారమే చేరాలి. వ్రాసిన పుటను ఏ ఒక్కరూ చింపలేరు. బ్లాక్‌చైన్ అంటే సారాంశంలో ఇంతే. హదీసు శాస్త్రం చదివినవారికి ‘తవాతుర్’ అనే భావన ఇక్కడ స్ఫురించవచ్చు. అబద్ధం మీద అంతమంది కూడబలుక్కోవడం అసంభవమన్నంత మంది ఒకే మాటను చేరవేయడమే తవాతుర్. బ్లాక్‌చైన్ బలం కూడా సాక్షుల సంఖ్యలోనే ఉన్నది.

చిట్టాలో ఉండేది సరుకు కాదు

ఇక్కడ ఒక సామాన్యమైన అపోహను తొలగించుకోవాలి. బ్లాక్‌చైన్‌లో గ్రంథాలు, ఛాయాచిత్రాలు, దస్త్రాలు దాచుతారని చాలామంది అనుకుంటారు. అది దాదాపుగా జరగని పని. చిట్టాలోని ప్రతి అక్షరాన్నీ వేల కంప్యూటర్లు మోయవలసి ఉంటుంది కనుక అందులో చోటు చాలా ప్రియం.

ఉదాహరణకు ఇథీరియం అనే బ్లాక్‌చైన్‌లో పనికి కొలమానం ‘గ్యాస్’. కొత్తగా 32 బైట్లు శాశ్వతంగా వ్రాయడానికి సుమారు 20,000 గ్యాస్ పడుతుంది. వ్రాతప్రతిలోని ఒక పుటకు తీసిన ఛాయాచిత్రం ఒక మెగాబైట్ అనుకుంటే, అది 32 బైట్ల ముక్కలు 32,768 అవుతుంది. దానికి కావలసిన గ్యాస్ 65 కోట్లు దాటుతుంది. 2021 నుంచి 2025 ఆరంభం దాకా ఒక బ్లాకులో పట్టే గ్యాస్ మొత్తం 3 కోట్లు మాత్రమే. అంటే ప్రపంచంలో మరెవరి లావాదేవీ లేకుండా దాదాపు 22 బ్లాకులు పూర్తిగా నింపితే తప్ప ఒక్క పుట పట్టదు. మూడు వందల పుటల గ్రంథం మాట చెప్పనవసరం లేదు.

అందువల్ల ఆచరణలో పని రెండుగా విడిపోయింది. సరుకు వేరేచోట, అనేక కంప్యూటర్లలో ఉంటుంది. దాని వేలిముద్ర, దానిని దాచే ఒప్పందం, దాచినందుకు ఋజువు చిట్టాలో ఉంటాయి. రిజిస్ట్రారు ఆఫీసులో భూమి ఉండదు, భూమి వివరం మాత్రమే ఉంటుంది. ఇదీ అటువంటిదే.

వేలిముద్ర కూడా పుటకొకటి చొప్పున చిట్టాలో ఎక్కించనక్కరలేదు. 1979లో రాల్ఫ్ మెర్కిల్ రూపొందించిన వృక్ష పద్ధతిలో రెండు పుటల వేలిముద్రలను కలిపి మరొక వేలిముద్ర తీస్తారు. అటువంటి రెండింటిని కలిపి ఇంకొకటి తీస్తారు. ఇలా పైకి పోతే చివరకు ఒకే వేలిముద్ర మిగులుతుంది. గ్రంథాలయంలోని లక్ష పుటలకు సాక్ష్యంగా ఆ 32 బైట్లు చాలు. ఏ పుటలో ఒక నుఖ్తా మారినా శిఖరంలోని వేలిముద్ర మారిపోతుంది.

చోటు కాదు, వస్తువే చిరునామా

సరుకును అనేకచోట్ల ఉంచే పద్ధతులలో మొదట చెప్పుకోవలసినది ఐపీఎఫ్‌ఎస్. 2014లో హువాన్ బెనెట్ స్థాపించిన ప్రోటోకాల్ ల్యాబ్స్ అనే సంస్థ దీనిని 2015లో వాడుకలోకి తెచ్చింది. ఇది బ్లాక్‌చైన్ కాదు. బ్లాక్‌చైన్‌తో జతగా పనిచేసే పంపిణీ వ్యవస్థ.

మామూలు ఇంటర్నెట్ చిరునామా ‘ఫలానా గ్రంథాలయం, ఫలానా బీరువా, మూడో అర’ అన్నట్లుగా ఉంటుంది. ఆ అరలో గ్రంథం మారిపోయినా, గ్రంథాలయమే మూతపడినా చిరునామాకు ఆ సంగతి తెలియదు. ఐపీఎఫ్‌ఎస్‌లో చిరునామా వస్తువు వేలిముద్ర నుంచే పుడుతుంది. ‘ఈ వేలిముద్ర గల గ్రంథం ఎవరి దగ్గర ఉన్నా ఇవ్వండి’ అని అడగడం వంటిది. ఇచ్చినవాడు స్నేహితుడా, శత్రువా అన్న ప్రశ్న లేదు. అందిన వస్తువుకు వేలిముద్ర తీసి చూస్తే సరిపోతుంది. సరిపోలకపోతే పారవేయవచ్చు.

తుర్కియేలో దారి మూసుకున్న కొద్ది రోజులకే, 2017 మే నెలలో, తుర్కీ భాషా వికీపీడియా నకలును ఈ పద్ధతిలో ఉంచారు. అప్పుడు అది ఒకే ద్వారం గల భవనంగా గాక, ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్న ప్రతిగా మారింది. ఒక ద్వారం మూస్తే మరో ద్వారం ఉంటుంది. మొదటి భయానికి, అంటే మాట మారుతుందేమో అన్న శంకకు, ఇంతకంటె గట్టి సమాధానం ఇంతవరకు దొరకలేదు.

రెండవ భయానికి మాత్రం ఐపీఎఫ్‌ఎస్ సమాధానం చెప్పదు. ఎవరైనా కావాలని దాచి ఉంచినంతకాలమే వస్తువు ఉంటుంది. అడిగినవారి కంప్యూటర్‌లో కొంతకాలం నిలిచినా, చోటు కావలసి వచ్చినప్పుడు అది తుడిచిపెట్టుకుపోతుంది. దాచేవాడు ఒక్కడూ మిగలకపోతే చేతిలో చిరునామా ఉంటుంది, ఆ చిరునామాకు పలికేవారు ఉండరు. ఈ మాట తెలియక మోసపోయినవారు ఎందరో ఉన్నారు. డిజిటల్ చిత్రాలకు యాజమాన్య పత్రాలను బ్లాక్‌చైన్‌లో కొన్నవారిలో కొందరికి, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే సంస్థ దివాలా తీసిన తరువాత ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. పత్రం చిట్టాలో చెక్కుచెదరకుండా ఉన్నది. పత్రం చూపే వివరాలు ఆ సంస్థ సర్వర్‌లో ఉన్నందున అవి కనబడకుండా పోయాయి.

దాచానన్న మాటకు ఋజువు

దాచేవాడు మిగలాలంటే అతనికి ప్రతిఫలం కావాలి. ప్రతిఫలం ఇచ్చేవాడికి ఋజువు కావాలి. ఈ రెండింటికోసం పుట్టినది ఫైల్‌కాయిన్. దీనికోసం 2017లో 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సేకరించారు. 2020 అక్టోబరు 15న ఇది పని మొదలుపెట్టింది.

ఇందులో కంప్యూటర్‌లో చోటు ఉన్నవాడు, దస్త్రం దాచుకోదలచినవాడు కొంతకాలానికి, కనీసం 180 రోజులకు, ఒప్పందం చేసుకుంటారు. దాచేవాడు హామీగా కొంత నాణెం ముందే కట్టాలి. మూడు నకళ్ళకు డబ్బు తీసుకొని ఒక్కటే ఉంచే మోసానికి అవకాశం లేకుండా, ప్రతి నకలునూ దాచేవాడి గుర్తుతో ముడివేసి ప్రత్యేకమైన రూపంలోకి మార్చి ముద్ర వేస్తారు. మూడు నకళ్ళు మూడు వేర్వేరు రూపాలలో ఉంటాయి. ఒకదానిని చూపి మరొకటనిపించడం కుదరదు. ఆ తరువాత ప్రతి 24 గంటలకు ఒకసారి వ్యవస్థ ముందుగా తెలియని చోటును చూపి ‘ఇక్కడ ఏమున్నదో ఋజువు చేయి’ అని అడుగుతుంది. సరుకు నిజంగా దగ్గర లేనివాడు వ్యవధిలోగా జవాబు చెప్పలేడు. జవాబు తప్పితే అతని హామీ సొమ్ములో కోత పడుతుంది. లోపాన్ని సరిదిద్దక వదిలేస్తే ఒప్పందమే రద్దవుతుంది.

ఫిఖహ్ గ్రంథాలలోని ‘వదీఅ’ ప్రకరణంతో దీనిని పోల్చి చూడడం ఉపయోగకరం. ఇతరుల సొత్తును దాచేవాడు తగిన జాగ్రత్త తీసుకున్నా అది పోతే అతని మీద పూచీ ఉండదు. నిర్లక్ష్యం చేసినా, ద్రోహం చేసినా పూచీ ఉంటుంది. ఖాజీ కారణాన్ని విచారిస్తాడు. ఫైల్‌కాయిన్‌లో ఆ విచారణ లేదు. వరదలో యంత్రం మునిగినా, దుర్బుద్ధితో తుడిచివేసినా కోత ఒకటే. యంత్రం ఋజువు చూస్తుందే గాని నీయ్యతును అడగదు. కచ్చితత్వం దాని బలం. సబబు విచారించలేకపోవడం దాని పరిమితి.

మరొక పరిమితి కూడా ఉన్నది. సరుకు తన దగ్గర ఉన్నదని ఋజువు చేయడం వేరు, అడిగినప్పుడు వెంటనే తీసి ఇవ్వడం వేరు. రోజువారీ పరీక్ష మొదటిదానికే. దాచినవాడు ఆలస్యం చేస్తేనో మొండికేస్తేనో ఆ పరీక్ష అతడిని పట్టుకోలేదు. అందుకే జాగ్రత్తపరులు ఒకే దస్త్రాన్ని సంబంధం లేని పలువురి దగ్గర ఉంచుతారు.

ముక్కలలో దాగిన సంపూర్ణత

నకళ్ళను పెంచకుండానే భద్రతను పెంచే ఉపాయం కూడా ఒకటి ఉన్నది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ కనుగొన్న గణితం దీనికి ఆధారం. 2015లో మొదలైన సియా అనే వ్యవస్థ దస్త్రాన్ని 30 ముక్కలుగా మార్చి 30 మంది దగ్గర ఉంచుతుంది. ఏ 10 ముక్కలు దొరికినా పూర్తి దస్త్రాన్ని తిరిగి కట్టవచ్చు. దీనికి పట్టే చోటు మూడు పూర్తి నకళ్ళకు పట్టే చోటుతో సమానం. కాని మూడు నకళ్ళు పెట్టుకున్నవాడు ముగ్గురిని పోగొట్టుకుంటే సర్వం పోయినట్లే. ఈ పద్ధతిలో 20 మంది మాయమైనా నష్టం లేదు. పైగా దస్త్రాన్ని ముందే రహస్య లిపిలోకి మార్చడం వల్ల, ముక్క చేతిలో ఉన్నవాడికి అందులో ఏమున్నదో తెలియదు.

ఒకసారి చెల్లించి శాశ్వతంగా?

ఫైల్‌కాయిన్, సియా అద్దె పద్ధతిలో నడుస్తాయి. అద్దె ఆగితే భద్రత ఆగుతుంది. 2018 జూన్‌లో మొదలైన ఆర్‌వీవ్ అనే బ్లాక్‌చైన్ మరో దారి తొక్కింది. ఇందులో ఒకేసారి రుసుము చెల్లిస్తారు. అందులో కొద్ది భాగం అప్పుడే దాచేవారికి ముడుతుంది. మిగతాది మూలనిధిలో చేరి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. 2021 జూన్‌లో హాంగ్‌కాంగ్‌లో ‘యాపిల్ డైలీ’ పత్రిక మూతపడినప్పుడు కొందరు పాఠకులు దాని వ్యాసాలను ఇందులోనే ఎక్కించారు.

ముస్లిం పాఠకుడికి ఇది వెంటనే వఖ్ఫును గుర్తుకు తెస్తుంది. కాని పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. వఖ్ఫులో మూలధనం కదలదు, దాని ఫలసాయం మాత్రమే ఖర్చవుతుంది. ఆర్‌వీవ్‌లో మూలనిధియే ఖర్చవుతుంది. అది తరగకుండా నిలవాలంటే కంప్యూటర్‌లో చోటు వెల ఏటేటా తగ్గుతూ పోవాలి. ఏడాదికి అర శాతం తగ్గినా కనీసం 200 సంవత్సరాలు నడుస్తుందని రూపకర్తలు లెక్క కట్టారు. గత దశాబ్దాలలో వెల అంతకంటె ఎంతో వేగంగా తగ్గిన మాట నిజమే. అయితే నిధి ఉన్నది ఆర్‌వీవ్ సొంత నాణెంలోనే. ఆ నాణేనికి విలువ లేకుండా పోతే 200 ఏళ్ళ లెక్క కాగితం మీదనే మిగులుతుంది. కనుక ‘శాశ్వతం’ అనే మాటను ఇక్కడ అంచనాగా తీసుకోవాలి. దానిని హామీగా తీసుకోకూడదు.

యంత్రం చేయలేని పనులు

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. వేలిముద్ర సరిపోయిందంటే మాట మారలేదని మాత్రమే అర్థం. మాట నిజమని అర్థం కాదు. నకిలీ దస్తావేజును చిట్టాలో నమోదు చేస్తే, ఆ నకిలీ చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ముహద్దిసులు మాట ఎలా చేరిందో చూసి ఊరుకోలేదు. చేర్చినవాడు ఎవరు, అతని సత్యసంధత ఎటువంటిది, జ్ఞాపకశక్తి ఎంతటిది, తన గురువును నిజంగా కలిశాడా అని శోధించారు. ‘అస్మా ఉర్ రిజాల్’ అనే శాస్త్రమే అందుకు పుట్టింది. బ్లాక్‌చైన్ గొలుసును కాపాడుతుంది, గొలుసులోని తొలి మనిషిని పరీక్షించదు. ఆ పని మనుషులదే.

రెండవది రహస్యం. చెరపలేకపోవడం గ్రంథానికి వరం, మనిషికి కొన్నిసార్లు శాపం. నికాహ్ రిజిస్టర్లు, తలాఖ్ వివాదాల కాగితాలు, రోగుల వివరాలు, ఎవరో పశ్చాత్తాపపడి విడిచిన తప్పు తాలూకు పత్రం వంటివి బహిరంగంగా, శాశ్వతంగా ఎక్కించిన తరువాత వెనక్కు తీసుకునే మార్గం లేదు. తోటివారి లోపాలను కప్పి ఉంచడం సద్గుణంగా నేర్చుకున్న సమాజం ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు. 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా తన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును వ్యక్తికి గుర్తించింది. చెరిపే వీలే లేని చిట్టాకు, చెరపమని కోరే హక్కుకు మధ్య పొత్తు కుదరడం కష్టం. రహస్య లిపిలో దాచితే కొంత రక్షణ లభిస్తుంది. కాని దాని తాళంచెవి పోతే యజమానికి కూడా వస్తువు దక్కదు. కొత్త తాళంచెవి ఇచ్చే ఆఫీసు ఏదీ లేదు.

మూడవది నాణెం ప్రశ్న. చోటును నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రతిఫలానికి అద్దెకు తీసుకోవడం ‘ఇజారా’ పరిధిలో ఆలోచించదగిన విషయం. చిక్కు ప్రతిఫలంగా ఇచ్చే నాణెం దగ్గర వస్తుంది. దాని విలువ నెలల వ్యవధిలోనే సగం కావచ్చు, రెట్టింపూ కావచ్చు. 2018 జనవరిలో ఈజిప్టు ముఫ్తీ షౌఖీ అల్లామ్ బిట్‌కాయిన్ లావాదేవీలు ధర్మసమ్మతం కావని ఫత్వా ఇచ్చారు. 2021 నవంబరులో ఇండొనేషియా ఉలమా మండలి ఇటువంటి నాణేలను ద్రవ్యంగా వాడడాన్ని నిషేధించింది. వాటిని సరుకుగా కొనుగోలు చేసే విషయంలో మాత్రం షరతులు పెట్టింది. ఇతర పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పద్ధతి ప్రయోజనకరమైనంత మాత్రాన నాణెం వ్యాపారమంతా సమ్మతమైపోదు. నాణెం మీద అభ్యంతరం ఉన్నంత మాత్రాన వేలిముద్ర గణితం నిరుపయోగమూ కాదు. రెండింటినీ వేరుచేసి చూడడం వివేకం.

నాణెం లేకుండా అదే సూత్రం

ఆ వేరుచేయడం సాధ్యమని గ్రంథాలయాలే నిరూపించాయి. బిట్‌కాయిన్‌కు పదేళ్ళ ముందు, 1999లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లాక్స్ అనే వ్యవస్థ మొదలైంది. అనేక నకళ్ళే వస్తువుకు రక్ష అన్నది దాని పేరులోని భావం. ఇందులో చేరిన గ్రంథాలయాలు ఒకే పత్రికల నకళ్ళను ఎవరికి వారు దాచుకుంటాయి. వాటి కంప్యూటర్లు అప్పుడప్పుడు తమ నకళ్ళ వేలిముద్రలను ఒకరితో ఒకరు సరిచూసుకుంటాయి. ఒకరి నకలు చెడితే మిగతావారి నకళ్ళ నుంచి దిద్దుకుంటుంది. అపరిచితులు లేరు కనుక హామీ సొమ్ము అవసరం లేదు. పరస్పరం తెలిసిన సంస్థలు కనుక నాణెం అవసరం లేదు. పాత ముఖాబలా సంప్రదాయమే ఇక్కడ యంత్రాల మధ్య నడుస్తున్నది.

హైదరాబాదులో 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేయగలిగినదంటే, ఆ గ్రంథాల వ్రాతప్రతులు వేర్వేరు గ్రంథాలయాలలో నిలిచి ఉండడమే అందుకు కారణం. ఒకచోట చిరిగిన పుటను మరోచోటి ప్రతి పూరించింది. నేడు మదర్సాల దగ్గర, పాత కుటుంబాల దగ్గర, మస్జిదు కమిటీల దగ్గర ఉన్న వ్రాతప్రతులు, వఖ్ఫు దస్తావేజులు, ఫత్వా రిజిస్టర్లు చాలావరకు ఒకే బీరువాలో, ఒకే తాళం కింద ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఫోటోలు తీసినా, ఆ ఫోటోలు కూడా ఒకే కంప్యూటర్‌లో ఉంటాయి. చెదపురుగు తినే కాగితాన్ని, చెడిపోయే డిస్కును పక్కపక్కనే పెట్టుకోవడం భద్రత కాదు.

ఇందుకు కోట్లు అవసరం లేదు. పుటలను స్పష్టంగా ఫోటో తీయాలి. ప్రతి పుటకు వేలిముద్ర తీసి జాబితా వ్రాయాలి. ఈ పని చేసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. కనీసం మూడు నకళ్ళను, ఒకే వరదకు ఒకే మంటకు గురికాని మూడు ఊళ్ళలో, వేర్వేరు యాజమాన్యాల దగ్గర ఉంచాలి. వ్యక్తుల రహస్యాలున్న కాగితాలను బహిరంగ వ్యవస్థలలో పెట్టకూడదు. జాబితా శిఖరంలోని ఒక్క వేలిముద్రను తేదీతో సహా బ్లాక్‌చైన్‌లో నమోదు చేయవచ్చు. లేదా హేబర్, స్టోర్నెట్టాల వలె ఒక పత్రికలో అచ్చు వేయించవచ్చు. రేపు ఎవరైనా దస్తావేజులోని పుట మార్చారని వివాదం వస్తే, ఆ తేదీ నుంచి నేటిదాకా మార్పు లేదని చూపడానికి అది సాక్ష్యంగా నిలుస్తుంది.

ఆ తరువాత మిగిలేది ఏటా చేయవలసిన పని. మూడు చోట్లా నకళ్ళు తెరిచి, వేలిముద్రలు మళ్ళీ తీసి, జాబితాతో సరిచూడాలి. చెడినదానిని మంచిదాని నుంచి దిద్దుకోవాలి. ఫైల్‌కాయిన్ హామీ సొమ్ము భయంతో దినదినం చేయించే పనిని, ఇక్కడ అమానతు అన్న స్పృహతో ఏడాదికొకసారి చేయవలసి ఉంటుంది. ఏ సంస్థ తన దస్త్రాలను ఈ పద్ధతిలో దాచదలచినా, ముందుగా ఆ పని ఎవరిదో, అతని తరువాత ఎవరిదో పేర్లు వ్రాసి పెట్టుకోవాలి.